ఫైల్ మేనేజరు పక్కపట్టీ

ఫైల్ మేనేజరు పక్కపట్టీ అనగా, కంప్యూటరులోని ఫైళ్ళను, ఫోల్డర్లను చూపించే ప్రోగ్రాము కిటికీలో సాధారణంగా ఎడమవైపున నిలువుగా కనిపించే పట్టీ. దీనిని ఆంగ్లంలో సైడ్‌బార్ అంటారు. తరచుగా వాడే ఫోల్డర్లకు తీసుకువెళ్ళే సత్వరమార్గాలు ఇందులో వరుసగా ఉంటాయి. వీటిలో కొన్నింటిని కంప్యూటరే ముందుగా అమర్చి ఉంచుతుంది. మిగిలినవాటిని వాడుకరి తన పనికి తగినట్లుగా చేర్చుకోవచ్చు, తొలగించుకోవచ్చు, వరుస మార్చుకోవచ్చు.

విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరరు, ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో ఫైండరు, లినక్స్‌లో గ్నోమ్ వారి ఫైల్స్, కేడీఈ వారి డాల్ఫిన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వారి థునార్ ప్రసిద్ధమైన ఫైల్ మేనేజర్లు. వీటి రూపురేఖలు వేరైనా మూలసూత్రం ఒక్కటే. పక్కపట్టీలో కనిపించేది ఫోల్డరు కాదు, ఆ ఫోల్డరు చిరునామా మాత్రమే. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వలన కొందరు తమ ఫైళ్ళు పోయాయని కంగారుపడతారు. మరికొందరు నిజంగానే పోగొట్టుకుంటారు. ఇంకొందరు తుడిచివేశామనుకున్న పత్రాలను ఇతరుల కంప్యూటర్లలో వదిలి వస్తారు.

పట్టీలోని భాగాలు

పక్కపట్టీలో సాధారణంగా ఈ క్రింది రకాల అంశాలు ఉంటాయి.

1. ప్రామాణిక ఫోల్డర్లు: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్ వంటివి. వీటిని ప్రతి వాడుకరి ఖాతాకు కంప్యూటరే సృష్టిస్తుంది.

2. వాడుకరి చేర్చుకున్న సత్వరమార్గాలు: వీటిని లినక్స్‌లో బుక్‌మార్కులు లేదా ప్లేసెస్ అని, విండోస్‌లో క్విక్ యాక్సెస్ అని, మ్యాక్‌లో ఫేవరెట్స్ అని అంటారు.

3. పరికరాలు: హార్డ్ డిస్కు భాగాలు, పెన్ డ్రైవు, కెమెరా కార్డు మొదలైనవి. ఇవి తగిలించినపుడు కనిపించి, తీసివేసినపుడు మాయమవుతాయి.

4. నెట్‌వర్కు స్థానాలు: ఒకే గదిలోని లేదా సంస్థలోని ఇతర కంప్యూటర్లు, సర్వర్లు.

5. ఇటీవల తెరిచిన ఫైళ్ళ పట్టిక, చెత్తబుట్ట.

గ్నోమ్ తెలుగు అనువాదంలో ఫోల్డరును సంచయం అని, ఫైలును దస్త్రం అని వ్యవహరించారు. వాడుకలో ఫోల్డరు, ఫైలు అనే మాటలే స్థిరపడినందున ఈ వ్యాసంలో వాటినే వాడడమైనది.

సూత్రం

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు 40వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. ఈ దారిలో "కడప" అని వ్రాసి బాణం గుర్తు వేసిన బోర్డులు ఉంటాయి. బోర్డు పీకివేసినంత మాత్రాన కడప పట్టణానికి ఏమీ కాదు. బోర్డుకు రంగు మార్చినా ఊరి రంగు మారదు. కాని బోర్డు చూపిన దారిన వెళ్ళి, ఊరిలో ఒక ఇల్లు పడగొడితే ఆ ఇల్లు నిజంగానే పోతుంది. పక్కపట్టీలోని సత్వరమార్గం కూడా ఇటువంటి బోర్డే.

దీని నుండి మూడు విషయాలు తేలుతాయి. పట్టీ నుండి సత్వరమార్గాన్ని తొలగిస్తే ఫోల్డరు, అందులోని ఫైళ్ళు ఉన్నచోటనే భద్రంగా ఉంటాయి. సత్వరమార్గాన్ని నొక్కి లోపలికి వెళ్ళిన తరువాత కుడివైపున కనిపించేవి అసలు ఫైళ్ళే. అక్కడ తుడిచినది పోతుంది. ఫోల్డరును వేరొకచోటికి తరలిస్తే బోర్డు పాత చోటునే చూపుతూ ఉండవచ్చు.

చరిత్ర

తరచుగా వాడే ఫోల్డర్లను కంటికి ఎదురుగా ఉంచుకొనే పద్ధతి 1980ల చివర నెక్స్ట్ సంస్థ రూపొందించిన నెక్స్ట్‌స్టెప్ వ్యవస్థలోనే ఉన్నది. అందులో ఫైళ్ళ కిటికీ పైభాగాన షెల్ఫ్ అనే అర ఉండేది. కావలసిన ఫోల్డరు బొమ్మను లాగి ఆ అరలో పెట్టుకొనేవారు. నెక్స్ట్ సంస్థను ఆపిల్ కొనుగోలు చేసిన తరువాత, 2003లో వెలువడిన మ్యాక్ ఓఎస్ టెన్ 10.3 కూర్పులో ఫైండరుకు ఎడమవైపున పక్కపట్టీ వచ్చింది.

విండోస్ 2000లో ఫైలును తెరిచే, భద్రపరిచే చిన్న కిటికీలలో ఎడమవైపున ప్లేసెస్ బార్ ఉండేది. 2007లో వచ్చిన విండోస్ విస్టాలో ఫేవరెట్ లింక్స్ అనే విభాగాన్ని, 2009 నాటి విండోస్ 7లో ఫేవరెట్స్ అనే విభాగాన్ని చేర్చారు. 2015లో విండోస్ 10తో దాని స్థానంలో క్విక్ యాక్సెస్ వచ్చింది. ఇది వాడుకరి చేర్చినవాటితో పాటు, తరచుగా తెరిచే ఫోల్డర్లను తనంతట తానే చూపించగలదు.

లినక్స్‌లో 2004లో విడుదలైన జీటీకే 2.4 కూర్పు ఫైళ్ళను తెరిచే కిటికీలో బుక్‌మార్కులు పెట్టుకొనే వీలు కల్పించింది. 2008 నాటి కేడీఈ 4లో డాల్ఫిన్ ప్రధాన ఫైల్ మేనేజరు అయినది. గ్నోమ్ ఫైల్ మేనేజరు నాటిలస్‌కు 2012లో ఫైల్స్ అనే పేరు పెట్టారు.

ఒక ఉదాహరణ

స్థానిక చరిత్రపై విషయసేకరణ చేస్తున్న ఒక విద్యార్థిని ఊహించుకోవచ్చు. డాక్యుమెంట్స్ ఫోల్డరులో "జిల్లాల చరిత్ర" అనే ఫోల్డరును, అందులో "కర్నూలు జిల్లా", "కడప జిల్లా" అనే రెండు ఫోల్డర్లను తయారుచేసుకున్నాడనుకుందాం. మొదటిదానిలో కొండారెడ్డి బురుజు, బెలుం గుహలు, మహానంది అనే ఫోల్డర్లు, రెండవదానిలో గండికోట, పుష్పగిరి, కలమళ్ళ శాసనం అనే ఫోల్డర్లు ఉన్నాయి. ప్రతిదానిలోను ఛాయాచిత్రాలకు, వ్రాతపనికి వేరు వేరు ఫోల్డర్లు ఉన్నాయి.

ఇప్పుడు గండికోట ఛాయాచిత్రాలు చూడాలంటే డాక్యుమెంట్స్, జిల్లాల చరిత్ర, కడప జిల్లా, గండికోట, ఛాయాచిత్రాలు అనే ఐదు ఫోల్డర్లను ఒకదాని తరువాత ఒకటి తెరవాలి. రోజుకు ఇరవైసార్లు ఈ పని చేస్తే నూరుసార్లు ఫోల్డర్లు తెరిచినట్లు. చివరి ఫోల్డరును పక్కపట్టీలో చేర్చుకుంటే ఒక్క నొక్కుతో పని పూర్తవుతుంది. బ్రౌజరు నుండి ఒక చిత్రాన్ని భద్రపరిచేటపుడు, ఉత్తరానికి ఫైలును జతచేసేటపుడు వచ్చే చిన్న కిటికీలలోను అనేక ప్రోగ్రాములు ఈ సత్వరమార్గాలనే చూపిస్తాయి. దీనివలన ఫైలు ఎక్కడో ఒకచోట పడిపోకుండా, మొదటిసారే తగిన ఫోల్డరులో చేరుతుంది. పక్కపట్టీ వలన కలిగే అసలు ప్రయోజనం ఇదే.

చేర్చే, తొలగించే విధానం

విండోస్ 10, విండోస్ 11: ఫోల్డరుపై మౌసు కుడిమీటను నొక్కి, పిన్ టు క్విక్ యాక్సెస్ అనే అంశాన్ని ఎంచుకోవాలి. తొలగించడానికి పట్టీలోని పేరుపై కుడిమీట నొక్కి, అన్‌పిన్ ఫ్రమ్ క్విక్ యాక్సెస్ అనే అంశాన్ని ఎంచుకోవాలి. పేర్లను మౌసుతో పట్టుకొని పైకి క్రిందకు జరిపి వరుస మార్చుకోవచ్చు. తరచుగా తెరిచే ఫోల్డర్లు వాటంతట అవే చేరడం ఇష్టం లేకపోతే ఫోల్డర్ ఆప్షన్స్ లోని ప్రైవసీ విభాగంలో ఆ గడిలోని టిక్కును తీసివేయవచ్చు.

మ్యాక్: ఫోల్డరును లాగి పట్టీలోని ఫేవరెట్స్ విభాగంలో వదలాలి. తొలగించడానికి పేరుపై కుడిమీట నొక్కి, రిమూవ్ ఫ్రమ్ సైడ్‌బార్ అనే అంశాన్ని ఎంచుకోవాలి. ప్రామాణిక అంశాలలో ఏవి కనిపించాలన్నది ఫైండర్ సెట్టింగ్స్ లోని సైడ్‌బార్ విభాగంలో నిర్ణయించుకోవచ్చు.

గ్నోమ్ ఫైల్స్: కావలసిన ఫోల్డరును తెరిచి, కీబోర్డుపై కంట్రోల్, డి మీటలను కలిపి నొక్కితే ఆ ఫోల్డరు బుక్‌మార్కుగా చేరుతుంది. ఫోల్డరును లాగి పట్టీలో వదిలినా సరిపోతుంది. పట్టీలోని పేరుపై కుడిమీట నొక్కితే దాని పేరు మార్చడానికి, తొలగించడానికి అంశాలు వస్తాయి.

డాల్ఫిన్: ఎఫ్9 మీటతో ప్లేసెస్ పట్టీని చూపవచ్చు లేదా దాచవచ్చు. ఫోల్డరుపై కుడిమీట నొక్కి యాడ్ టు ప్లేసెస్ ఎంచుకోవాలి. అంశానికి వేరే పేరు, వేరే బొమ్మ పెట్టుకోవచ్చు. అక్కరలేని అంశాన్ని పూర్తిగా తొలగించకుండా కొంతకాలం దాచిపెట్టే సౌకర్యం కూడా ఉన్నది.

థునార్: కంట్రోల్, బి మీటలతో సత్వరమార్గాల పట్టీని తెరవవచ్చు. ఫోల్డరును లాగి పట్టీలో వదిలి చేర్చుకోవచ్చు. గ్నోమ్ ఫైల్స్, థునార్ ఒకే జాబితాను చదువుతాయి. కాబట్టి ఒకదానిలో చేర్చిన బుక్‌మార్కు రెండవదానిలోను కనిపిస్తుంది.

జాబితా ఎక్కడ ఉంటుంది

గ్నోమ్, థునార్ వాడే బుక్‌మార్కుల జాబితా ఒక సాధారణ పాఠ్యఫైలు. వాడుకరి హోమ్ ఫోల్డరులో డాట్ కాన్ఫిగ్ అనే దాగిన ఫోల్డరు, దానిలో జీటీకే-3.0 అనే ఫోల్డరు, అందులో బుక్‌మార్క్స్ అనే పేరుతో ఈ ఫైలు ఉంటుంది. ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క ఫోల్డరు చిరునామా, దాని తరువాత ఖాళీ వదిలి పట్టీలో కనిపించవలసిన పేరు ఉంటాయి. పేరు ఇవ్వకపోతే ఫోల్డరు పేరే కనిపిస్తుంది. డాల్ఫిన్ తన జాబితాను ఎక్స్‌బెల్ అనే రూపంలో వేరుగా దాచుకుంటుంది.

ఈ ఫైలును తెరిచి చూసిన తెలుగువారు మొదట తికమకపడవచ్చు. అందులో తెలుగు ఫోల్డర్ల పేర్లు తెలుగులో కనిపించవు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు అవసరం. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతం గుర్తుతోను, రెండు అంకెలు లేదా అక్షరాలతోను వ్రాస్తారు. కాబట్టి "కడప" అనే మూడక్షరాల పేరు 9 బైట్లై, 27 గుర్తులుగా కనిపిస్తుంది. ఇది పొరపాటు కాదు. వాటిని చెరిపివేయకూడదు.

ఫోల్డరు పేరు మారినపుడు

పై ఉదాహరణలోని విద్యార్థి ఏర్పాటుకు జిల్లాల పునర్విభజన వలన చిక్కు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా ఏర్పడింది. బెలుం గుహలు, మహానంది కొత్త జిల్లాలోకి వెళ్ళాయి. కొండారెడ్డి బురుజు కర్నూలు జిల్లాలోనే ఉన్నది. కడప జిల్లా పేరు 2010లో వైఎస్ఆర్ జిల్లాగాను, 2025లో వైఎస్ఆర్ కడప జిల్లాగాను మారింది.

విద్యార్థి "నంద్యాల జిల్లా" అనే కొత్త ఫోల్డరు తెరిచి బెలుం గుహల ఫోల్డరును అందులోకి తరలించినపుడు దాని చిరునామా మారిపోతుంది. "కడప జిల్లా" అనే పేరు మారిస్తే దానిలోపలి గండికోట, పుష్పగిరి, కలమళ్ళ ఫోల్డర్లన్నింటి చిరునామాలు ఒక్కసారిగా మారతాయి. అప్పుడు పక్కపట్టీలోని సత్వరమార్గం ఏమవుతుందన్నది ప్రోగ్రామును బట్టి ఉంటుంది. మ్యాక్ ఫైండరు సాధారణంగా ఫోల్డరు వెంబడే వెళ్తుంది. కొన్ని ప్రోగ్రాములు తమ కిటికీలోనే చేసిన మార్పును గమనించి చిరునామాను దిద్దుకుంటాయి. మార్పు మరొక ప్రోగ్రాము ద్వారా జరిగితే పాత చిరునామాయే మిగలవచ్చు. అటువంటి అంశం కొన్నిటిలో పట్టీ నుండి మాయమవుతుంది, కొన్నిటిలో కనిపిస్తుంది గాని నొక్కితే ఫోల్డరు దొరకలేదనే సందేశం వస్తుంది. రెండు సందర్భాలలోను ఫైళ్ళు పోలేదు. కొత్త చోటును తెరిచి మరల బుక్‌మార్కు చేర్చుకుంటే చాలు.

గ్నోమ్ ఫైల్స్, డాల్ఫిన్‌లలో దీనికి తేలికైన మార్గం ఉన్నది. ఫోల్డరు పేరును కదిలించకుండా, పట్టీలో కనిపించే పేరును మాత్రమే మార్చుకోవచ్చు. లోపల "కడప జిల్లా" అనే ఫోల్డరే ఉంటుంది, పట్టీలో "వైఎస్ఆర్ కడప" అని కనిపిస్తుంది. ఫైండరులో అట్లా కాదు. పట్టీ నుండి పేరు మారిస్తే అసలు ఫోల్డరు పేరే మారుతుంది. విండోస్ క్విక్ యాక్సెస్‌లో సాధారణంగా ఫోల్డరు పేరే కనిపిస్తుంది.

తెలుగులో పేర్లు పెట్టేటపుడు వర్ణక్రమం ఒకే విధంగా పాటించాలి. "కర్నూలు", "కర్నూల్" మనకు ఒకే ఊరు. కంప్యూటరుకు అవి రెండు వేరు వేరు ఫోల్డర్లు. ఒకదానికి సత్వరమార్గం పెట్టి, రెండవదానిలో ఫైళ్ళు దాచి, అవి కనిపించడం లేదని వెతకడం తరచుగా జరుగుతుంది.

లాగిన్ భాషను తెలుగుకు మార్చినపుడు

లినక్స్‌లో గ్నోమ్ వంటి డెస్క్‌టాపులలో లాగిన్ భాషను ఆంగ్లం నుండి తెలుగుకు మార్చినపుడు ఒక ప్రశ్న తెరపై కనిపించవచ్చు. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ వంటి ప్రామాణిక ఫోల్డర్ల పేర్లను కొత్త భాషలోకి మార్చమంటారా అన్నది ఆ ప్రశ్న. మార్చమంటే తెలుగు పేర్లతో కొత్త ఫోల్డర్లు ఏర్పడి, పక్కపట్టీ వాటినే చూపిస్తుంది. కాని పాత ఫోల్డర్లలో ఉన్న ఫైళ్ళు వాటంతట అవి కొత్తవాటిలోకి రావు.

అప్పటివరకు డాక్యుమెంట్స్‌లో వ్యాసాలు దాచుకున్న విద్యార్థి, తెలుగు పేరును నొక్కి చూస్తే లోపల ఏమీ కనిపించదు. ఆ వ్యాసాలు హోమ్ ఫోల్డరులో పాత ఆంగ్ల పేరు గల ఫోల్డరులోనే ఉంటాయి. పట్టీలో హోమ్ అనే అంశాన్ని నొక్కి, పాత ఫోల్డరును తెరిచి, ఫైళ్ళను కొత్తదానిలోకి తరలించాలి. ముందే చాలా ఫైళ్ళు ఉన్న కంప్యూటరులో పాత పేర్లనే ఉంచమని సమాధానం ఇవ్వడం మేలు. మెనూలు తెలుగులో కనిపించడానికి ఫోల్డర్ల పేర్లు మారనవసరం లేదు.

పలువురు వాడే కంప్యూటర్లు

పాఠశాల ప్రయోగశాలలలోను, పట్టణాలలోని నెట్ సెంటర్లలోను ఒకే ఖాతాను పలువురు వాడడం సాధారణం. ఇటువంటిచోట పక్కపట్టీ విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది ఇతరుల సౌకర్యానికి సంబంధించినది. ఒకరు చేర్చిన సత్వరమార్గాలు అందరికీ కనిపిస్తాయి. పట్టీ నిండిపోతే ఎవరికీ ఉపయోగం ఉండదు. వీలైతే ప్రతి తరగతికి వేరు ఖాతా ఉండడం మంచిది. ఖాతా మారితే పట్టీ కూడా మారుతుంది.

రెండవది గోప్యతకు సంబంధించినది. ఆధార్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, మార్కుల జాబితా వంటివాటిని అచ్చు తీయించుకోవడానికి నెట్ సెంటరుకు వెళ్ళినవారు, ఆ ఫైలును సాధారణంగా డౌన్‌లోడ్స్‌లోకి దింపుకుంటారు. పని ముగిసిన తరువాత ఇటీవలి ఫైళ్ళ పట్టిక నుండి దాని పేరును తీసివేసి, ఫైలు పోయిందని భావించడం పొరపాటు. తీసినది బోర్డు మాత్రమే. పత్రం డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది, తరువాత కూర్చున్నవారు తెరవగలరు. డౌన్‌లోడ్స్ తెరిచి ఫైలును తుడిచి, ఆపైన చెత్తబుట్టలో నుండి కూడా తీసివేయాలి. చెత్తబుట్టలో ఇతరుల ఫైళ్ళు కూడా ఉండవచ్చు కనుక మొత్తం ఖాళీ చేయకుండా తమ ఫైలును మాత్రమే ఎంచుకొని తొలగించాలి. విండోస్‌లో ఫోల్డర్ ఆప్షన్స్ లోని ప్రైవసీ విభాగం ద్వారా ఇటీవలి ఫైళ్ళ పట్టికను చెరిపివేయవచ్చు. గ్నోమ్‌లో సెట్టింగ్స్ లోని ప్రైవసీ విభాగంలో ఫైళ్ళ చరిత్రను ఆపివేసే అంశం ఉన్నది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఫోల్డరును లాగి పట్టీలో వదిలేటపుడు రెండు పేర్ల మధ్యనున్న ఖాళీలో వదలాలి. అక్కడ సన్నని గీత కనిపిస్తుంది. చేయి జారి ఏదైనా పేరు మీదనే వదిలితే, కంప్యూటరు దానిని సత్వరమార్గం చేర్చమన్నట్లుగా కాక, ఆ ఫోల్డరులోనికి తరలించమన్నట్లుగా అర్థం చేసుకుంటుంది. రెండూ ఒకే డిస్కులో ఉంటే ఫోల్డరు అక్కడికి తరలిపోతుంది, వేరు వేరు డిస్కులలో ఉంటే సాధారణంగా నకలు తయారవుతుంది. ఫోల్డరు మాయమైందని అనుకునే సందర్భాలు కొన్ని ఇటువంటివే. వెంటనే కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కితే చాలావరకు మునుపటి స్థితికి వస్తుంది. మ్యాక్‌లో కంట్రోల్‌కు బదులు కమాండ్ మీట వాడాలి.

పెన్ డ్రైవులోని ఫోల్డరుకు సత్వరమార్గం పెట్టినంత మాత్రాన ఫైళ్ళు కంప్యూటరులోకి రావు. డ్రైవును తీసివేస్తే ఆ మార్గం పనిచేయదు. అట్లాగే డ్రైవును పీకే ముందు పట్టీలో దాని పేరు ప్రక్కనున్న ఎజెక్ట్ గుర్తును గాని, కుడిమీట మెనూలోని ఎజెక్ట్ అంశాన్ని గాని నొక్కాలి. లేకపోతే వ్రాత పూర్తికాని ఫైళ్ళు చెడిపోవచ్చు.

సత్వరమార్గం భద్రత కోసం తీసిన నకలు కాదు. ఒకే ఫోల్డరుకు పది మార్గాలు ఉన్నా డిస్కు పాడైతే ఒక్కటీ పనికిరాదు. కలమళ్ళ శాసనం ఛాయాచిత్రాలను పట్టీలో చేర్చుకున్న విద్యార్థి, వాటి నకలును మరొక డిస్కులో కూడా ఉంచుకోవాలి.

మంచి అమరిక

పక్కపట్టీలో ఎన్ని అంశాలు ఉండాలన్నదానికి నియమమేమీ లేదు. వరుసగా చూడగానే కంటికి అందేటన్ని ఉంటే చాలు. ప్రతిరోజూ వాడేవాటిని పైన, అప్పుడప్పుడు వాడేవాటిని క్రింద పెట్టుకోవాలి. పని ముగిసిన ఫోల్డరు మార్గాన్ని వెనుకాడకుండా తీసివేయవచ్చు, ఫోల్డరుకు ఏమీ కాదు. లోపలి చిన్న ఫోల్డర్లన్నింటికి బదులు, పేరు మారే అవకాశం లేని పై ఫోల్డరుకు ఒక మార్గం పెట్టుకోవడం చాలా సందర్భాలలో మేలు. పై ఉదాహరణలో "జిల్లాల చరిత్ర" అటువంటిది. జిల్లాల సరిహద్దులు, పేర్లు ఎన్నిసార్లు మారినా ఆ మార్గం చెక్కుచెదరదు.